ఆ కాఫీ ఎవరి కోసం పెట్టింది? అరబిక్ కథల్లో ఆడవాళ్ళ స్వేచ్ఛ గురించి

కైరోలో ఒక ఫ్లాట్. మధ్యాహ్నం పూట మంచం మీద భార్యాభర్తలు. ఆయన పని ఆయన కానిచ్చుకుంటున్నాడు, ఆవిడ ఏమనుకుంటోందో ఆయనకి ఏనాడూ పట్టలేదు, ఇవాళా పట్టదు. ఆవిడేమో పైకప్పు వైపు చూస్తూ అక్కడ సాలెగూడు పట్టింది, చీపురు తెచ్చి దులపాలి అనుకుంటోంది. ఇంతలో అజాన్ వినిపిస్తుంది. లేచి, శుభ్రంగా స్నానం చేసి నమాజ్ చేసుకుంటుంది. ఒకప్పుడు ఆ కిటికీలోంచి పాత కైరో అంతా కనిపించేదట, ఇప్పుడు రెండు పెద్ద బిల్డింగుల మధ్య దూరంగా ఒకే ఒక్క మినార్ మిగిలింది. తర్వాత కాఫీ కాచి ట్రేలో పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్తే, ఆయన ప్రాణం పోయి ఉంది. కొడుకుని డాక్టర్ కోసం పంపిస్తుంది. హాల్లోకి వచ్చి కూర్చుని, ఆయన కోసం పెట్టిన కాఫీ తన కప్పులో పోసుకుంటుంది. ఇంత నిదానంగా ఎలా ఉన్నానా అని ఆవిడకే ఆశ్చర్యం.

అంతే కథ, నాలుగైదు పేజీలు కూడా ఉండదు. పేరు "దూరంగా ఒక మినార్" అని చెప్పుకోవచ్చు. రాసినావిడ ఈజిప్టు రచయిత్రి అలీఫా రిఫాత్ (1930–1996). మొదటిసారి చదివినప్పుడు నాకు చాలాసేపు ఏం అర్థం కాలేదు, అంటే కథ అర్థం కాక కాదు, ఆ కాఫీని ఏమనాలో అర్థం కాలేదు. అది సంతోషమా? అంటే మొగుడు పోయినందుకు సంతోషపడే మనిషిలా ఆవిడ కథలో ఎక్కడా లేదు. దుఃఖమా అంటే అదీ కాదు. మరి స్వేచ్ఛా? స్వేచ్ఛ అంటే ఒక కప్పు కాఫీ అంతేనా?

ఈ ప్రశ్న పట్టుకుని చాలా అరబిక్ కథలు చదివాను, అన్నీ ఇంగ్లీషు అనువాదాల్లోనే, నాకు అరబిక్ రాదు. చదివేకొద్దీ నాకు అర్థమైంది ఏంటంటే ఈ టాపిక్‌లో మూడు నాలుగు చిక్కుముళ్ళు ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయి, వాటిని విడదీయకపోతే "పాపం అక్కడి ఆడవాళ్ళు" అనే జాలి దగ్గరే ఆగిపోతాం, ఆ జాలి వల్ల ఒక్క కథ కూడా సరిగ్గా చదవలేం.

మొదటి ముడి మతం. బయటి నుంచి చదివేవాళ్ళం ముందే ఒకటి ఫిక్స్ అయిపోతాం, అరబ్ ఆడది స్వేచ్ఛ కోరుకుంటోంది అంటే బురఖా నుంచి, మసీదు నుంచి విడుదల కోరుకుంటోంది అని. ఇంగ్లీషు అనువాదాల అట్టల మీద ముసుగులో రెండు కళ్ళ బొమ్మ ఎన్నిసార్లు చూశామో. రిఫాత్ ఆ లెక్కకి అస్సలు లొంగదు. ఆవిడ నమాజు తప్పని మనిషి, ఆవిడ కథల్లో ఆడవాళ్ళకి రోజులో దొరికే ఒకే ఒక్క సొంత సమయం ఆ ఐదు పూటల నమాజే. ఆవిడ పోట్లాట దేవుడితో కాదు. మొగుడు పెళ్ళాన్ని దయగా చూసుకోవాలని, ఆవిడకి కూడా పడక మీద హక్కు ఉందని మతమే చెప్తోంది కదా, మరి ఆ మాట వినని మగాడిని ఎవరూ అడగరేంటి, ఇదీ ఆవిడ అడిగేది. నవాల్ ఎల్ సాదావి (1931–2021) దారి పూర్తిగా వేరు, ఆవిడ మతాన్ని కూడా బోనులో నిలబెడుతుంది. ఆవిడ కథ ఒకదాంట్లో జైనబ్ అనే పేదరాలు బతుకంతా కష్టపడి, ఓర్చుకుని, చచ్చి స్వర్గానికి చేరుతుంది, అక్కడ గది తలుపు తీస్తే ముందే పోయిన మొగుడు హూరీల (స్వర్గంలో ఉంటారనే కన్యల) మధ్య పడుకుని ఉంటాడు, చప్పుడు చేయకుండా తలుపు వేసేసి వెనక్కి వచ్చేస్తుంది. ఇద్దరూ ఒకే దేశం, వయసులో ఒక్క ఏడాది తేడా. ఇద్దరినీ కలిపి "అరబ్ ఫెమినిస్టులు" అని ఒకే సంచిలో వేసేస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

రిఫాత్ జీవితం కూడా ఆవిడ కథల్లాంటిదే. చదువుకుంటానంటే తండ్రి యూనివర్సిటీకి పంపలేదు, దగ్గర బంధువైన పోలీసాఫీసర్‌కి ఇచ్చి పెళ్ళి చేశారు. 1955లో మారుపేరుతో కథలు వేయించడం మొదలుపెట్టింది (అసలు పేరు ఫాతిమా), 1960 ప్రాంతంలో భర్త ఇక రాయకూడదు అన్నాడు. ఆపేసింది. పదేళ్ళకి పైగా ఒక్క కథ బయటికి రాలేదు. ఆ పదేళ్ళు ఆవిడ తల్లోనే ఉండిపోయిన కథల గురించి ఆలోచిస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది, ఎందుకంటే ఇలాంటి పదేళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది ఆడవాళ్ళకి ఉన్నాయో మనం ఏనాడూ లెక్క తీసింది లేదు.

రెండో ముడి చట్టం. ఇది కొంచెం ఓపిగ్గా చూడాలి, ఎందుకంటే ఈ కథలన్నీ పడకగదిలో, వంటింట్లో, మేడ మెట్ల మీద ఎందుకు జరుగుతాయో దీంతోనే తెలుస్తుంది. ఈజిప్టునే తీసుకోండి. 1892లో అలెగ్జాండ్రియాలో హింద్ నౌఫల్ ఆడవాళ్ళ కోసం "అల్ ఫతాత్" అనే పత్రిక పెట్టింది, అరబ్ ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. 1899లో ఖాసిం అమీన్ స్త్రీ విమోచన మీద పుస్తకం రాశాడు, పెద్ద గొడవైంది. 1923లో ఆడవాళ్ళ హక్కుల కోసం పోరాడిన హుదా షారావి కైరో రైల్వే స్టేషన్లో మొహం మీది ముసుగు తీసేసింది. 1956లో ఓటు హక్కు వచ్చింది. ఇదంతా బయట, వీధిలో, కాలేజీలో, ఆఫీసులో. ఇంట్లో ఏం మారింది? పెళ్ళి, విడాకులు, పిల్లలు ఎవరి దగ్గరుండాలి, ఇవన్నీ చూసే చట్టం వేరే, దాన్ని పర్సనల్ స్టేటస్ లా అంటారు, అది 1920, 1929ల్లో రాసుకున్నదే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా, రాజు పోయి నాసర్ వచ్చినా, ఆడపిల్లలు డాక్టర్లూ ఇంజనీర్లూ అయినా అది దాదాపు అలాగే ఉండిపోయింది. 1979లో కొంచెం మారిస్తే 1985లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది, ఆడవాళ్ళు రోడ్డెక్కితే అదే ఏడాది ఇంకో చట్టం తెచ్చారు, అదీ ముందు దానికంటే నీరసంగా. భార్య తనంతట తాను, మొగుడి తప్పు రుజువు చేయక్కర్లేకుండా విడాకులు అడిగే ఖులా పద్ధతి 2000లో గానీ రాలేదు, అదీ మహర్, అంటే పెళ్ళికి మొగుడు ఇవ్వాల్సిన సొమ్ము, వదులుకుంటేనే.

అంటే ఒక ఆడమనిషి పొద్దున్న ఆఫీసులో పదిమంది మగాళ్ళ మీద సంతకం పెట్టే అధికారి, సాయంత్రం ఇంటికొస్తే మొగుడు నోటి మాటతో పంపించేయగల మనిషి. ఈ రెండింటి మధ్య గడప ఉంది చూడండి, కథకులంతా పోయి ఆ గడప మీదే కూర్చున్నారు. నవలకి పెద్ద కాలం కావాలి, దేశం కావాలి, ఉద్యమాలు కావాలి. ఆ గడప మీద జరిగేది ఒక్క పూట, ఒక్కోసారి ఒక్క నిమిషం. దానికి కథే సరిపోతుంది. పైగా పత్రికలో అచ్చవుతుంది, ఇంటిపని మధ్యలో రాయొచ్చు, దాచుకోవడం కూడా తేలిక.

దాచుకోకుండా రాస్తే ఏమవుతుందో బేరూత్‌లో లైలా బాలబకీకి తెలిసొచ్చింది. దక్షిణ లెబనాన్ షియా కుటుంబం అమ్మాయి, 1958లో "నేను బతికున్నాను" అనే అర్థం వచ్చే పేరుతో నవల రాసి ఇరవై రెండేళ్ళకే సంచలనం అయిపోయింది. ఆ తర్వాత కథల సంపుటి వచ్చింది, "చంద్రుడి దాకా ఆప్యాయపు నౌక" అనొచ్చేమో పేరు. పేరు కథలో కొత్తగా ఏం లేదు, పెళ్ళైన ఇద్దరు పొద్దున్నే పక్క మీద మాట్లాడుకుంటుంటారు, ఆయన బిడ్డ కావాలంటాడు, ఆవిడ ఇప్పుడే ఊ అనదు. ఒకటి రెండు వాక్యాల్లో ఒంటి మీది ముద్దుల సంగతి ఉంది, ఆ వాక్యాలు పట్టుకుని పోలీసులు వచ్చారు. షాపుల్లో కాపీలు పట్టుకుపోయారు, 1964లో కోర్టులో నిలబెట్టారు, ప్రజల నీతికి భంగం అని కేసు. అదే బేరూత్‌లో అప్పట్లో క్యాబరేలు ఉన్నాయి, మగ కవులు ఆడవాళ్ళ ఒంటి మీద కావ్యాలే రాస్తున్నారు. నాకు అర్థమైనంతలో నేరం ముద్దు గురించి రాయడం కాదు, ఆ ముద్దు ఆవిడకి నచ్చింది అని ఆవిడ నోటితోనే చెప్పడం.

కోర్టు కేసు కొట్టేసింది, పట్టుకున్న పుస్తకాలు ఇచ్చేయమంది. గెలిచింది కదా అంటాం. కానీ ఆ తర్వాత ఆవిడ కథలు, నవలలు రాయడం దాదాపు మానేసి జర్నలిజంలోకి వెళ్ళిపోయింది, 2023లో చనిపోయింది. కేసు గెలిచి కలం పోగొట్టుకున్న మనిషి. చట్టం ఇచ్చే స్వేచ్ఛకీ మనిషి లోపల ఉండే స్వేచ్ఛకీ మధ్య ఎంత దూరం ఉంటుందో చెప్పమంటే నేను ఈవిడ పేరే చెప్తాను.

మగాళ్ళు రాయలేదా అంటే రాశారు, బాగా రాశారు కూడా. ఈజిప్టు రచయిత యూసుఫ్ ఇద్రీస్ (1927–1991) రాసిన "మాంసపు ఇల్లు" చదివితే నిద్ర పట్టదు. ఒకే గది, ఒక విధవ తల్లి, పెళ్ళి కాని ముగ్గురు కూతుళ్ళు, శుక్రవారం శుక్రవారం వచ్చి ఖురాన్ చదివే గుడ్డి యువకుడు. తల్లి అతన్ని చేసుకుంటుంది, కూతుళ్ళే చేసుకోమన్నారు. గుడ్డివాడు భార్యని ఉంగరం తడిమి గుర్తుపడతాడు. ఆ ఉంగరం నెమ్మదిగా ఒక్కో కూతురి వేలికి మారుతూ ఉంటుంది, ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు, గుడ్డివాడు కూడా తెలిసే ఊరుకుంటాడు, చూపు లేనివాడికి తప్పేముంది అని సర్దిచెప్పుకుంటాడు. ఆ మౌనం ఇద్రీస్ రాసినట్టు ఎవరూ రాయలేరు. కానీ నాకొక అసంతృప్తి ఉంది, ఈ కథలో ఆడవాళ్ళందరికీ ఒకే ఆకలి, ఒకే మొహం. ఆ ముగ్గురిలో ఒక్కదానికైనా ఇంకేదో కావాలని ఉండదా, ఒక చదువు, ఒక స్నేహితురాలు, ఊరికే బయటికెళ్ళి నడవడం?

ఇంకో ముడి భాష, దీన్ని మనం తేలిగ్గానే అర్థం చేసుకుంటాం ఎందుకంటే గ్రాంథికం, వ్యావహారికం గొడవ మన తాతల కాలంలో మనమూ పడ్డాం. అరబిక్‌లో రాసేది ఫుస్‌హా, మాట్లాడేది ఆమ్మియ్యా. మొదటిది బడిలో నేర్చుకునేది, తరతరాలుగా మగ పండితుల చేతుల్లో ఉన్నది, రెండోది అమ్మ దగ్గర నేర్చుకునేది. మరి బడికే పంపని ఆడమనిషి కథ ఏ భాషలో చెప్పాలి? సల్వా బక్ర్ (పుట్టింది 1949) దీనికి ఒక మంచి దారి వెతికింది, రాసేది ఫుస్‌హాలోనే కానీ నడక అంతా కైరో బస్తీల్లో ఆడవాళ్ళు గుమ్మంలో కూర్చుని చెప్పుకునే కబుర్ల నడక, ఒక మాటలోంచి ఇంకో మాటలోకి, మధ్యలో పక్కింటి సంగతి, మళ్ళీ వెనక్కి. విమర్శకులు కొందరికి ఇది వదులుగా ఉన్నట్టు అనిపించొచ్చు. నాకైతే ఆ వదులే ప్రాణం అనిపిస్తుంది.

ఆవిడదే "ముప్ఫై ఒక్క అందమైన పచ్చని చెట్లు" అని ఒక కథ. నీళ్ళ కంపెనీలో పనిచేసే ఒక మామూలు ఉద్యోగిని. రోజూ ఆఫీసుకి నడిచే దారిలో చెట్లు లెక్కపెట్టుకుంటుంది, 31. ఊరు పెరుగుతుంది, చెట్లు ఒక్కొక్కటిగా కొట్టేస్తారు, గోడల రంగులు పోతాయి, మనుషుల మొహాలు కూడా బూడిదరంగుకి వస్తాయి. ఈవిడ ఊరుకోదు, మాట్లాడుతుంది. మాట్లాడేకొద్దీ ఆఫీసులో పిచ్చిది అంటారు. చివరికి ఇన్ని తంటాలు తెచ్చింది ఈ నాలుకే కదా అని దాన్నే కోసుకోబోతుంది. ఈ కథంతా ఆవిడ పిచ్చాసుపత్రిలో కూర్చుని రాస్తున్నదే. ఇందులో ఎక్కడా మొగుడు కొట్టడు, మామ తిట్టడు. ఆడవాళ్ళ స్వేచ్ఛ అనగానే ఇంటి గొడవే అనుకునేవాళ్ళు ఇది చదవాలి, ఆవిడకి కావలసింది తన ఊరి మీద ఒక మాట అనే హక్కు. బక్ర్ కూడా ఊరికే ఊహించి రాసే మనిషి కాదు, 1989లో హెల్వాన్ ఉక్కు కార్మికుల సమ్మె సందర్భంలో అరెస్టయి ఖనాతిర్ ఆడవాళ్ళ జైల్లో ఉండి వచ్చింది. సాదావిని కూడా 1981లో సాదాత్ ప్రభుత్వం పెట్టింది ఆ జైల్లోనే, అక్కడ సాటి ఖైదీ ఇచ్చిన కనుబొమల పెన్సిల్‌తో టాయిలెట్ పేపర్ మీద రాసుకుంది ఆవిడ.

ఇక వర్గం సంగతి, ఇక్కడ నాకు మనసు కొంచెం బరువెక్కుతుంది. లెబనాన్ రచయిత్రి హనాన్ అల్ షేఖ్ (పుట్టింది 1945) కథ "పర్షియన్ కార్పెట్". తల్లి విడాకులు తీసుకుని ఇంకో పెళ్ళి చేసుకుంది, ఇద్దరు ఆడపిల్లలు తండ్రికి తెలియకుండా తల్లిని చూడ్డానికి వెళ్తారు. చిన్నది సంతోషంతో ఊగిపోతుంటుంది. అమ్మ కొత్త ఇంట్లో నేల మీద ఒక కార్పెట్ కనపడుతుంది, ఆ రంగులు ఆ పిల్లకి బాగా తెలుసు. ఒకప్పుడు వాళ్ళింట్లో మాయమైన కార్పెట్. అది పోయినప్పుడు అమ్మ చెంపలు వాయించుకుంటూ ఏడ్చింది, కుర్చీలు అల్లడానికి వచ్చే చూపు సరిగా లేని ముసలి ఇలియా దొంగిలించాడంది. ఆ పిల్లకి ఒక్క క్షణంలో మొత్తం తెలిసిపోతుంది, తనకి ఇష్టమైన ఇలియా తాతని, తనకి ప్రాణమైన అమ్మనీ పక్కపక్కన పెట్టి చూడాల్సి వస్తుంది. అమ్మ చెయ్యి కొరికేయాలన్నంత కోపం. ఇష్టం లేని కాపురం నుంచి బయటపడాలంటే ఆ తల్లికి డబ్బు కావాలి, లేదా ఒక వస్తువైనా కావాలి, అది మనకి అర్థమవుతుంది, కానీ దాని ఖరీదు కట్టింది మాత్రం ఆ చూపు ఆనని ముసలాయన. కథ తల్లిని తిట్టదు, వెనకేసుకునీ రాదు.

ఇది చదివినప్పుడల్లా నాకు మా రాయలసీమ వైపు నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు గుర్తొస్తారు. కడప, రాయచోటి, రాజంపేట పక్క ఊళ్ళల్లో ఇలాంటివాళ్ళు లేని వీధి ఉండదు, అటు కోనసీమలో కూడా అంతే. వాళ్ళు ఆ ఇంటి యజమానురాలిని "మామా" అని పిలుస్తారు. మా దూరపు చుట్టం ఒకామె చెప్పేది, మామా చదువుకుంది, కారు నడుపుతుంది, అయినా రాత్రి పూట ఒక్కతే కూర్చుని ఏడ్చేదమ్మా, నేను తలుపు పక్కనుంచి వినేదాన్ని అని. అదే మామా ఈమె పాస్‌పోర్ట్ తీసి బీరువాలో దాచింది. ఒకరి ఏడుపు ఇంకొకరు విన్నారు, కానీ ఇద్దరిలో ఒకరి తాళం ఇంకొకరి చేతిలో ఉంది. కువైట్‌లో ఆడవాళ్ళకి ఓటు 2005లో వచ్చింది, రచయిత్రి లైలా అల్ ఉస్మాన్‌ని 2000లో తన పాత పుస్తకంలోని కొన్ని వాక్యాలకి కోర్టుకి ఈడ్చారు, జైలు శిక్ష వేసి అప్పీల్లో జరిమానాగా మార్చారు. ఇవన్నీ తెలుసుకుని గౌరవిస్తాను. అయినా తలుపు పక్కన నిలబడి విన్న మా చుట్టం కథ, ఆవిడ వైపు నుంచి, అరబిక్‌లోనూ తెలుగులోనూ ఇంకా రావాల్సినంత రాలేదన్న బాధ నాకు పోదు. అరబిక్‌లో ఇలా అంచున ఉన్నవాళ్ళ వైపు నుంచి రాసినవాళ్ళలో దక్షిణ సూడాన్ రచయిత్రి స్టెల్లా గైతానో నాకు చాలా ఇష్టం, యుద్ధం తరిమితే ఖార్టూమ్ శివార్ల గుడిసెల్లో పడి బతికిన దక్షిణాది ఆడవాళ్ళ మీద రాసిన ఆవిడ మొదటి సంపుటి "వాడిన పూలు" 2002లో వచ్చింది.

మరి ఆశ ఎక్కడుంది? పిచ్చాసుపత్రి, కోర్టు, చావు, దొంగతనం, ఇన్ని చెప్పి ఆశ అంటే ఎలా నమ్ముతారు. నేను వెతికితే నాకు అది కథల ముగింపుల్లో దొరకలేదు. ఒక ఆడమనిషికీ ఇంకో ఆడమనిషికీ మధ్య దొరికింది, ఒకరు చెప్పడంలో, ఇంకొకరు చూసి ఊరుకోవడంలో, లేదా చూసి ఊరుకోలేకపోవడంలో.

రిఫాత్‌దే ఇంకో కథ, ఘోబాషీ ఇంట్లో జరిగింది. తండ్రి పని కోసం లిబియా వెళ్ళాడు. పెళ్ళి కాని పెద్దకూతురు నీమా కడుపుతో ఉంది. ఊళ్ళో తెలిస్తే ఆ పిల్ల ప్రాణాలు దక్కవు. తల్లి జైనత్ అరవదు, కొట్టదు. కూతురిని కైరోకి పంపే ఏర్పాట్లు చేసి, తన ఒంటికి గుడ్డలు చుట్టుకోవడం మొదలుపెడుతుంది. తిరిగొచ్చిన మొగుడికి కూతురి బిడ్డని తన బిడ్డగా చూపిస్తుందన్నమాట. పల్లెటూరి తల్లి, చదువులేదు, చట్టం తెలీదు, స్వేచ్ఛ అనే మాట ఏనాడూ నోటితో అని ఉండదు. ఆ గుడ్డల మూట కట్టుకుంటున్న దృశ్యం దగ్గర నేను పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

పాలస్తీనా రచయిత్రి సమీరా అజ్జామ్ (1927–1967) అక్కా (ఏకర్) అనే ఊరి మనిషి, 1948లో ఊరు వదిలి వెళ్ళాల్సి వచ్చింది, తర్వాత రేడియోలో పనిచేస్తూ కథలు రాసింది, పేరున్న పాలస్తీనా రచయిత ఘస్సాన్ కనఫానీ అంతటివాడు ఆవిడని గురువుగా చెప్పుకున్నాడు. ఆవిడ కథలో ఖజ్నా అని ఒకామె ఉంటుంది. ఊళ్ళో పెళ్ళైతే పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసేదీ ఖజ్నానే, చావైతే డబ్బులు తీసుకుని గుండెలు బాదుకుని ఏడ్చేదీ ఖజ్నానే. ఆవిడ ఏడిస్తే ఊరంతా ఏడవాల్సిందే, అలాంటి గొంతు. ఒకరోజు ఆవిడ మూగ కూతురు చనిపోతుంది. కథ చెప్తున్న అమ్మాయికి కుతూహలం, అందరి చావులకీ అంత ఏడ్చిన మనిషి సొంత బిడ్డకి ఎంత ఏడుస్తుందో చూద్దామని వెళ్తుంది. ఖజ్నా ఏడవదు. ఒక మూల అలా కూర్చుని ఉంటుంది, నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాదు. బతుకంతా అమ్ముకోవాల్సి వచ్చిన కన్నీళ్ళలో కొన్ని తనకంటూ ఉంచుకుంది. ఆ గది గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అది చూసింది, చూసింది కాబట్టే మనకి కథ చెప్పగలిగింది.

రిఫాత్ రాసిన వాటిలో నాకు అన్నిటికంటే దగ్గరైంది "బహియ్యా కళ్ళు". చదువు లేని ముసలమ్మ బహియ్యా చూపు పోతోంది. డాక్టర్ ఏదో జబ్బు పేరు చెప్పాడు గానీ, ఆడపిల్లగా పుట్టినందుకు ఏడ్చి ఏడ్చి కళ్ళు ఇలా అయ్యాయని ఆవిడ నమ్మకం. కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెప్తుంది, చిన్నప్పుడు మట్టితో బొమ్మలు చేసుకున్న సంగతి, సున్తీ పేరుతో ఆడవాళ్ళే పట్టుకుని తన ఒళ్ళు కోసిన సంగతి, నచ్చినవాడిని కాదని ఇంకొకడికి కట్టబెట్టిన సంగతి. దేవుడు నన్ను ఆడదానిగా పుట్టించాడనే ఏడుపు ఇప్పుడు లేదమ్మా అంటుంది చివర్లో, ఆడదానిగా పుట్టి కూడా ఆడదానిగా ఎలా బతకాలో తెలుసుకోకుండానే వయసంతా అయిపోయింది, దానికే దిగులు అంటుంది. కూతురు ఏమందో రిఫాత్ రాయలేదు. ఆ పిల్ల అమ్మ పక్కనే కూర్చుని మొదటి నుంచి చివరిదాకా వింటూనే ఉంది.